పాట కోసం పెట్టె

పాట మీద ఇష్టం వేరు, పాటను వినిపించే పెట్టె మీద ఇష్టం వేరు. ఈ రెండూ ఒకే కడుపున పుట్టిన ఏశావు యాకోబుల వంటివి. చాలాకాలం ఒకే ఇంట్లో కలిసే పెరుగుతాయి. పెద్దది పాట, చిన్నది పెట్టె. కానీ పుట్టినప్పుడే మడమ పట్టుకుని వచ్చిన ఆ చిన్నది ఒకనాటికి పెద్దదాని జ్యేష్ఠత్వాన్నే పట్టుకుపోతుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ త్వరగా తెలియదు. ఎందుకంటే పాట వినబడుతూనే ఉంటుంది గదా!

ఇప్పుడీ మాట ఎందుకు వచ్చిందంటే, మన చిన్ననాటి ఎల్‌.పి. రికార్డులు మళ్లీ వచ్చాయి. క్యాసెట్లు వచ్చి పోయాయి, సీడీలు వచ్చి చాలావరకు పోయాయి. పాటలన్నీ సెల్‌ఫోనులోకి చేరాయి. ఇక ఆ నల్లని పళ్లేలతో ఎవరికీ పని ఉండదనుకున్నాము. అయితే 2022లో అమెరికా దేశంలో 4 కోట్ల 10 లక్షల రికార్డులు అమ్ముడుపోయాయి. అదే సంవత్సరం సీడీలు 3 కోట్ల 30 లక్షలే అమ్ముడుపోయాయి. లెక్కలో సీడీలను రికార్డులు మించడం 1987 తరువాత అదే మొదటిసారి. దీనికంటే వింత సంగతి 2023లో బయటపడింది. ఆ దేశంలో రికార్డులు కొంటున్నవారిలో ఇంట్లో ప్లేయరు ఉన్నవారు సుమారు సగం మందేనట! తక్కినవారు కొని, బల్ల మీద పెట్టుకుని చూసుకుంటారు కాబోలు. మన హైదరాబాదు, బెంగళూరు వంటి పట్టణాలలోనూ ఈ రికార్డులు వెదికి కొనే యవనస్థులు ఉన్నారు.

రికార్డు ఎలా పాడుతుందో తెలియని పిల్లల కోసం రెండు మాటలు చెబుతాను. రికార్డు మీద మనకు వందల గీతలు కనబడతాయి గాని, నిజానికి ఒక ప్రక్క ఉండేది ఒకే ఒక గాడి. అది అంచు దగ్గర మొదలై చుట్లు తిరుగుతూ మధ్యకు వస్తుంది. పాడినవారి గొంతులోని ప్రతి అదురూ ఆ గాడి గోడల మీద సన్నని వంకరలుగా చెక్కి ఉంటుంది. వజ్రపు మొన గల ముల్లు ఆ వంకరల వెంట అదురుతూ నడుస్తుంది. ఆ అదురును ఒక అయస్కాంతం, ఒక తీగచుట్ట కలిసి బహు స్వల్పమైన విద్యుత్తుగా మారుస్తాయి. దానిని ఆంప్లిఫయరు పెంచి స్పీకరుకు అందిస్తుంది. ముల్లు రికార్డు మీద మోపే బరువు సుమారు రెండు గ్రాములు ఉంటే చాలు. ఎక్కువైతే గాడి అరుగుతుంది, తక్కువైతే ముల్లు ఎగిరిపడుతుంది.

ఎడిసన్ 1877లో మాటను పట్టి వినిపించే యంత్రాన్ని చేశాడు. పదేళ్ల తరువాత, 1887లో, బెర్లినర్ గ్రామఫోనుకు పేటెంటు పొందాడు. చదునైన పళ్లేల మీద పాట పెట్టే పద్ధతి ఆయనదే. మన తాతల నాటి రికార్డులు లక్కతో చేసేవారు. ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశపు అడవుల నుండే వెళ్లేది. ఆ రికార్డు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషాలు పాడేది. 1948లో ఎల్‌.పి. వచ్చాక ఒక ప్రక్క ఇరవై నిమిషాలకు పైగా పాడసాగింది. మనిషి గొంతు ఆ మనిషి పోయిన తరువాత కూడా వినబడేలా చేసిన ఈ తెలివి దేవుడు నరునికి ఇచ్చిన వరాలలో ఒకటి. దానిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశము కాదు.

రికార్డులో ఇంకొక మేలు కూడా ఉంది. సెల్‌ఫోనులో పాట నచ్చకపోతే వేలితో తోసేస్తాము. రికార్డు అలా కాదు. దాన్ని కవరులోనుండి తీయాలి, తుడవాలి, ముల్లు దించాలి, కూర్చోవాలి. ఇరవై నిమిషాలయ్యాక లేచి తిప్పాలి. అంటే వినడానికి సమయం ప్రత్యేకించాలి. ఆ విషయంలో రికార్డు మనకు మంచి ఉపాధ్యాయుడే.

మా మేనల్లుడికి ఈ రికార్డుల మీద మక్కువ ఎక్కువ. హైదరాబాదులో ఉద్యోగం. మంచివాడు, ప్రార్థన తప్పడు, తల్లిని కళ్లలో పెట్టుకుని చూసుకుంటాడు. క్రిందటి క్రిస్మసు నెలలో నాలుగు రోజులు వాళ్లింట్లో ఉన్నాను. ఒక గదిలో సగం ఆ సామానే. రికార్డు తిరిగే పళ్లెం ఒక కంపెనీది, దాని మీది చెయ్యి ఇంకొక కంపెనీది, ముల్లు మరొక దేశానిది. ఆ ముల్లు ఉండే చిన్న ముక్క ఖరీదు నా రెండు నెలల పింఛను. అది కూడా వెయ్యి గంటల లోపే అరిగిపోతుందట.

రాత్రి భోజనాలయ్యాక నన్ను కూర్చోబెట్టి ఇంగ్లండులోని ఒక గుడి గాయక బృందం పాడిన రికార్డు వేశాడు. రెండు నిమిషాలు పాడగానే లేచి ఆపాడు. చిన్న తక్కెడ తెచ్చి ముల్లు బరువు చూశాడు. మళ్లీ మొదటినుండి వేశాడు. మళ్లీ ఆపాడు. స్పీకరును బెత్తెడు వెనక్కి జరిపాడు. మళ్లీ వేశాడు.

"మావయ్యా, ఇక్కడ జాగ్రత్తగా వినండి. రెండో చరణం ఎత్తుకునేముందు ఒకాయన ఊపిరి పీల్చాడు. వినబడిందా?" అన్నాడు.

"వినబడిందిరా," అన్నాను. నిజంగానే వినబడింది. ఆశ్చర్యం వేసింది కూడా.

ఆ పాట రాగం మన తెలుగు సంఘాలలో కూడా పాడేదే. వాడి కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, సండే స్కూలులో నేర్చుకుంది. గుమ్మం దగ్గర నిలబడి, రికార్డుతో కలిసి తెలుగులో పాడసాగింది. సన్నని గొంతు, శ్రుతి తప్పలేదు. వాడు వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తి, "ష్! వినబడటం లేదమ్మా," అన్నాడు. కోపంగా అనలేదు, ఈగను తోలినట్టు అన్నాడు. పిల్ల ఆపేసి లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు మా చెల్లెలు వంటగదిలోనుండి వచ్చి నా ప్రక్కన కూర్చుని, "అన్నయ్యా, ఈ ఇంట్లో ఒక పాట మొదలుపెట్టి చివరిదాకా విని ఎన్నాళ్లయిందో నువ్వే అడుగు వాణ్ణి," అంది. వాడు నవ్వేశాడు.

మర్నాడు ఉదయం కాఫీ తాగుతూ, "రాత్రి పాప బాగా పాడిందిరా," అన్నాను.

"ఎప్పుడు మావయ్యా?" అన్నాడు.

వాడు అబద్ధం ఆడే మనిషి కాడు. తాను "ష్" అన్న సంగతి కూడా వాడికి జ్ఞాపకం లేదు. ఎన్నడో ఎక్కడో పాడిన ముక్కూ మొహం తెలియని మనిషి ఊపిరి విన్న ఆ చెవికి, నాలుగు బారల దూరంలో పాడిన కన్నకూతురి గొంతు వినబడలేదు. ఆ మాటే మెల్లగా చెప్పాను. వాడు కప్పు క్రింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

తరువాత వాడే ఒక సంగతి చెప్పాడు. కాలిఫోర్నియాలో ఒక రికార్డుల సంస్థ ఉంది. కంప్యూటరు లెక్కలేవీ మధ్యలో రాకుండా, అసలు టేపునుండి నేరుగా తయారైన రికార్డులంటే దానికి పెద్ద పేరు. చెవి పదునైనవారు ఎక్కువ డబ్బు పెట్టి కొని, ఆ స్వచ్ఛత తమకు స్పష్టంగా వినబడుతోందని మెచ్చుకునేవారు. 2022 జూలైలో ఆ సంస్థ పనివారే అసలు విషయం చెప్పారు. 2011 నుండి వారి రికార్డులు చాలావాటిలో మధ్యలో డిజిటల్ మెట్టు ఉంటూనే ఉంది. అంటే ఏళ్ల తరబడి ఎవరి చెవీ దానిని పట్టలేదు. మోసపోయామని కొందరు కోర్టుకు కూడా వెళ్లారు.

"వాళ్ల కోపం న్యాయమే మావయ్యా, చెప్పింది ఒకటి, అమ్మింది ఒకటి. కాని ఆ రికార్డులు వింటున్నప్పుడు వాళ్లు పొందిన సంతోషం మాత్రం నిజమే గదా! తెలిసిన మర్నాడు అదే పాట ఎందుకు చేదయిందో!" అన్నాడు వాడు.

"వాళ్లు పాట విని సంతోషించి ఉంటే ఆ పాట అలాగే ఉంటుంది. పెట్టెను విని సంతోషించారు గనుక పెట్టెతోపాటు పోయింది," అన్నాను.

అప్పుడు వాడికి మా నాన్నగారి ఇంటి సంగతి చెప్పాను. బాపట్లకు దగ్గరలోని మా ఊళ్లో 1970ల్లో మా ఇంట ఒక హెచ్‌.ఎం.వి. బ్యాటరీ ప్లేయరు ఉండేది. చిన్న పెట్టె, పైమూతలోనే స్పీకరు. బ్యాటరీలు నీరసించాయంటే పాటకు నిద్ర వచ్చినట్టు సాగేది. మా దగ్గర ఉన్నవి ఆరు రికార్డులు. అందులో ఒక క్రైస్తవ గీతాల రికార్డుకు గీత పడింది. రెండో చరణంలో ఒక మాట దగ్గరికి రాగానే ముల్లు ఎగిరి, తరువాతి పంక్తి దాటిపోయి, పల్లవి మీద పడేది. ఆదివారం సాయంకాలం వాకిట్లో చాపలు పరచి ఆ రికార్డు వేస్తే చుట్టుప్రక్కల నలభైమంది వచ్చేవారు. గీత దగ్గరికి రాగానే మా అమ్మ ముల్లు పైకెత్తేది. పోయిన పంక్తిని నలభైమందీ కలిసి పాడేవారు. అమ్మ మళ్లీ ముల్లు దించేది. ఊళ్లో పిల్లలందరికీ ఆ పాటలో బాగా వచ్చిన పంక్తి అదే, రికార్డులో లేనిది!

ఈనాటి లెక్కల ప్రకారం మా పెట్టెలో సంగీతం ఏమీ లేదు. హెచ్చు స్వరం చిట్లేది, తగ్గు స్వరం వినబడేదే కాదు. కాని ఆ పెట్టె మా చేత పాడించింది. మావాడి పెట్టె పాడుతున్న పిల్ల నోరు మూయించింది. పెట్టె మంచిదా కాదా అని తూచడానికి ఇంతకంటే మంచి తక్కెడ నాకు తెలియదు.

ఆ రాత్రి మావాడు అదే రికార్డు వేసి, "పాపా, ఇలా రా," అని పిలిచాడు. పిల్ల గుమ్మంలోనే నిలబడి తండ్రి మొహం చూసింది. "పాడమ్మా," అన్నాడు. మొదట సన్నగా, తరువాత ధైర్యంగా పాడింది. వాడి చెయ్యి రెండుసార్లు పెట్టె వైపు వెళ్లి వెనక్కి వచ్చింది. ఒక ప్రక్క అంతా అయిపోయింది. తిప్పడానికి తప్ప వాడు లేవలేదు. వాడికి ఆ మక్కువ పోయిందని చెప్పను. పోయిన నెల ఫోనులో ఒక క్రొత్త ముల్లు గురించి పావుగంట చెప్పాడు. అయితే మధ్యలో, "ఉండండి మావయ్యా, పాప ఏదో పాడుతోంది," అని ఫోను ప్రక్కన పెట్టి వెళ్లాడు. నాకు అది చాలు.

పెట్టె తన స్థానంలో ఉంటే దేవుడు దానిని ఎంతగా వాడుకుంటాడో చూడాలంటే జాయ్ రిడర్‌హాఫ్ అనే సహోదరి పరిచర్యను చూడాలి. ఆమె 1930లలో మధ్య అమెరికాలోని హోండురాసు దేశంలో మిషనెరీగా ఉండి, జబ్బుపడి లాస్ ఏంజెల్స్‌కు తిరిగి వచ్చింది. మంచం మీద ఉండి, వెనుక వదలి వచ్చిన ఆ పల్లెల గురించే ఆలోచించింది. తాను వెళ్లలేకపోతే తన గొంతు వెళ్లవచ్చు గదా! స్పానిష్ భాషలో సువార్త రికార్డు చేసి పంపింది. 1939లో ఆ పని 'గాస్పెల్ రికార్డింగ్స్' అనే పరిచర్య అయ్యింది. తరువాత వేలాది భాషలలో, మాండలికాలలో సువార్త రికార్డయింది. వాటిలో అప్పటికి వ్రాతే లేని భాషలు ఎన్నో ఉన్నాయి.

కరెంటు లేని పల్లెల కోసం వారు ఒక ప్లేయరు తయారుచేశారు. అది అట్టముక్క! మడత విప్పి నిలబెడితే పై అట్టకు చిన్న ముల్లు ఉంటుంది. రికార్డుకు ఉన్న రంధ్రంలో పెన్సిలో పుల్లో పెట్టి చేత్తో తిప్పాలి. ముల్లు అదురుకు అట్టే అదిరి మాట్లాడుతుంది. బ్యాటరీ లేదు, స్పీకరు లేదు. వేలు నెమ్మదిస్తే మాట సాగుతుంది, తొందరపడితే మాట పరుగెత్తుతుంది. తెలిసినవారెవరూ దానిని మంచి యంత్రం అనరు. అయినా తన తల్లిభాషలో రక్షకుని పేరు మొదటిసారి విన్న మనిషికి ఆ అట్టముక్క సరిపోయింది. పాటను, మాటను దాటించి తాను ప్రక్కకు తప్పుకున్నదే మంచి పెట్టె.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ విషయంలో పరిశుద్ధ గ్రంథము మనకు ఒక రాజును చూపిస్తున్నది. అరణ్యంలో దేవుని ఆజ్ఞ చొప్పున మోషే ఇత్తడి సర్పమును చేయించాడు (సంఖ్యాకాండము 21వ అధ్యాయము). దాని వైపు చూసినవారు బ్రదికారు. అది మంచిదే, దేవుడు చెప్పి చేయించినదే. కాని వందల ఏళ్లు గడిచాక ఇశ్రాయేలీయులు దానికే ధూపము వేయసాగారు. హిజ్కియా రాజు దానిని ముక్కలు చేశాడు (2 రాజులు 18వ అధ్యాయము). దేవుని వైపు చూపవలసిన వస్తువు చూపులను తన దగ్గరే ఆపేసుకుంది. దాని తప్పు అదే.

ఈ కథను మనం సగం చదివి, సంగీత సామానంతా పారవేయమని బోధించేవారు ఉన్నారు. తక్కిన సగం 2 దినవృత్తాంతములు 29వ అధ్యాయములో ఉంది. అదే హిజ్కియా దేవాలయమును బాగుచేయించి, లేవీయుల చేతికి తాళాలు, స్వరమండలాలు, సితారాలు ఇచ్చి నిలబెట్టాడు. ఇత్తడి సర్పాన్ని పగులగొట్టిన చేతులే వాద్యాలను మందిరానికి తెచ్చాయి. ఆ రాజుకు వస్తువుల మీద పగ లేదు. ఏది దేవుని వైపు చూపిస్తోందో, ఏది అడ్డం నిలుస్తోందో ఆయన కనిపెట్టగలిగాడు. మనకు కావలసినది ఆ వివేచనే.

ఇది పట్టణాలలో డబ్బున్నవారికి మాత్రమే చెందిన మాట అనుకోవద్దు. మన పల్లె సంఘాలలో ఇప్పుడు కీబోర్డులు, ప్యాడ్లు, ఆళ్లెత్తు స్పీకర్లు వచ్చాయి. రావలసినవే. అయితే కమిటీ కూర్చుంటే మాటలన్నీ ఎన్ని వాట్లు అనే దగ్గరే తిరుగుతున్నాయి. ఏ కీర్తన నేర్పుదాము, ఎవరు నేర్పుతారు అన్నది చర్చకే రావడం లేదు.

మన కీర్తనల పుస్తకం తెరచి చూడండి. కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) వ్రాసిన కీర్తనలు ఏ పెట్టె సహాయమూ లేకుండా గొంతునుండి గొంతుకు మనదాకా నడచి వచ్చాయి. ఎడిసన్ యంత్రం పుట్టేనాటికే ఆయనకు డెబ్బై దాటాయి. ఆ నడకలో ఒక్క తరం నోరు మూసుకుంటే పుస్తకంలో రాగం పేరు మిగులుతుంది, రాగం మిగలదు.

రెండేళ్ల క్రిందట మా సంఘంలో క్రిస్మసు ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. కీబోర్డు ఆగింది, స్పీకర్లు ఆగాయి, పాట ఆగింది. కాసేపు ఎవరూ పలకలేదు. స్త్రీల సమాజంలో ఒక వృద్ధురాలు ఉన్నది. ఆమెకు చదువు రాదు గాని నలభైకి పైగా కీర్తనలు కంఠస్థం. ఆమె కూర్చున్నచోటే పాత కీర్తన ఒకటి ఎత్తుకుంది. పెద్దవాళ్లం పదిపన్నెండు మందిమి అందుకున్నాము. యవనస్థులు పల్లవి దాకా పాడి, చరణం రాక నిలబడి చూశారు. ఆ చూపులో సిగ్గు ఉంది, ఆశ కూడా ఉంది.

ఆ పిల్లలు మంచిపని చేశారు. వారానికొక సాయంకాలం ఆమె ఇంటికి వెళ్లి, ఫోనులో ఒక్కొక్క కీర్తన రికార్డు చేసుకున్నారు. ఆమె గొంతు వణుకుతుంది, వెనుక కోళ్ల అరుపులు ఉంటాయి. దానిని విని నేర్చుకుని, ఆ తరువాత ఫోను మూసి ఆదివారం నాడు పాడుతున్నారు. ఇప్పటికి ఏడు కీర్తనలు వచ్చాయి. ఖరీదైన స్పీకర్లు చేయలేని పనిని జేబులోని ఫోను చేసింది. అది తన పని చేసి జేబులోకి వెళ్లిపోయింది గనుక చేయగలిగింది.

మీ ఇంట్లో రికార్డు ప్లేయరు ఉన్నా, స్పీకరు ఉన్నా, రేడియో ఉన్నా, దానిని ప్రేమగా తుడవండి, బాగు చేయించుకోండి. మంచి శబ్దం కోరుకోవడం పాపం కాదు. అయితే పాట ముగిశాక మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి: ఇప్పుడు విన్న పాటలోని మాట ఏమిటి? నాతో కలిసి పాడినది ఎవరు? నేను ఎవరినైనా "ష్" అన్నానా? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో పెట్టెలన్నీ కాసేపు ఆపి, ఇంట్లో అందరికంటే చిన్నవారి చేత ఒక కీర్తన ఎత్తించండి. శ్రుతి తప్పినా ఫరవాలేదు, తప్పిన చోట పెద్దవారు అందుకోండి.

అరలో ఉన్న సామాను ఏదో ఒకనాడు అరుగుతుంది. పిల్లల నోట ఉన్న పాట వారి పిల్లల దాకా వెళుతుంది. మన ఇండ్లలో పాట పెద్దగాను, పెట్టె చిన్నగాను ఉండునట్లు ప్రభువు మనకు కృప అనుగ్రహించును గాక. ఆమేన్.